కనుమ దాకా: ఒక్కడినే కూర్చుని చేసిన సంక్రాంతి గేమ్, ఆడి తిట్టండి

కోడికూత | జనవరి 5, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. మూడేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఈసారి సొంత సరుకుతో వచ్చాను.

ఎనిమిది నెలలుగా ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిళ్ళు కూర్చుని ఒక చిన్న గేమ్ చేశాను. పేరు ‘కనుమ దాకా’. అందులో మీరు పందెం కోడి. భోగి తెల్లవారుజామున మంట దగ్గర ఆట మొదలవుతుంది, కనుమ రాత్రి దాకా బతికుంటే గెలిచినట్టు. పందెంలో ఓడితే చస్తారు. గెలిస్తే ఇంకో పందెంలో దింపుతారు. దెబ్బ తగిలి ఇక పందేనికి పనికిరారని తేలితే కొత్త అల్లుడి విస్తట్లోకి పోతారు. నవ్వించాలనే చేశాను, కాకపోతే కాస్త చేదు నవ్వు.

నేను ప్రోగ్రామర్‌ని కాదు. బెంగళూరులో అకౌంట్స్ పని. ఊరు పాలకొల్లు దగ్గర. గేములు చేసే సాఫ్ట్‌వేర్ గోదాట్‌ని యూట్యూబ్ చూసి నేర్చుకున్నాను. బొమ్మలు నేనే గీశాను, కోడి కూతలు కూడా నా గొంతే. పక్క ఫ్లాటువాళ్ళు రెండుసార్లు తలుపు కొట్టారు. బ్రౌజర్‌లోనే ఆడొచ్చు, డబ్బులేమీ అక్కర్లేదు. చిన్న గేములు పెట్టుకునే ఇచ్ డాట్ ఐఓ సైట్లో పెట్టాను, లింకు నా ప్రొఫైల్లో ఉంది.

పండక్కి ఇంకా వారం పైనే ఉంది. మొహమాటం లేకుండా చెప్పండి.

గోదాట్ గిరి | జనవరి 6, ఉదయం 8:10

ముందు ఒక దండం. మొదలుపెట్టిన గేమ్ పూర్తి చేసినవాణ్ణి చూడటమే అరుదు. నా హార్డ్ డిస్కులో సగంలో ఆగిపోయినవి పదకొండు ఉన్నాయి.

ఇక అసలు సంగతి. నా మానిటర్ సెకనుకి 144 ఫ్రేములు చూపించేది, అంటే 144 హెర్ట్జ్‌ది. మీ హరిదాసు నెత్తిన అక్షయపాత్రతో వీధి ఈ చివర నుంచి ఆ చివరికి రెండు సెకన్లలో దూసుకుపోయాడు. ఆయన డైలాగు తెర మీదికి వచ్చేసరికి ఆయన లేడు, చిడతల చప్పుడు మాత్రం మిగిలింది. ఆఫీసు పాత ల్యాప్‌టాప్‌లో అదే హరిదాసు బుద్ధిగా నడిచాడు. అంటే మీరు కదలికని ఫ్రేముకి ఇన్ని పిక్సెళ్ళు అని రాశారు. సెకనుకి ఇన్ని అని రాయాలి. వేగాన్ని డెల్టాతో, అంటే రెండు ఫ్రేముల మధ్య గడిచిన సమయంతో గుణించండి, అందరి ఇళ్ళకీ ఒకే హరిదాసు వస్తాడు.

ముగ్గు సంగతి కూడా చూడండి. వాకిట్లో ముగ్గు మనుషుల మీద గీసినట్టు వస్తోంది. మీ బామ్మ గారు ముగ్గు కింద నుంచి దూరి వెళ్తున్నారు. ఏది పైన, ఏది కింద అని చెప్పే జెడ్ ఇండెక్స్ తారుమారైంది.

గొబ్బెమ్మల మీద మాత్రం చెయ్యి వేయకండి. కోడి కాలితో తంతే గొబ్బెమ్మ గుమ్మడిపువ్వుతో సహా దొర్లుకుంటూ పోయి భోగిమంటలో పడింది. మీరు కావాలని చేశారో పొరపాటున జరిగిందో నాకు తెలీదు. ఇరవై నిమిషాలు అదే ఆడాను.

భీమారం బుల్లోడు | జనవరి 6, ఉదయం 9:35

గేమ్ సంగతి తర్వాత అండీ. మీరు గీసింది ఫారం కోడి.

పందెం కోడంటే అసీల్ జాతి. నిటారుగా నిలబడుతుంది, కాళ్ళు పొడుగు, మెడ గట్టిగా ఉంటుంది, నెత్తిన తురాయి చిన్నగా అణిగి ఉంటుంది. మీ దానికేమో ఎర్రటి తురాయి పెళ్ళికొడుకు తలపాగాలా వేలాడుతోంది. అది బరిలో దిగితే అవతలి కోడికి పట్టుకోవడానికి పిడి ఇచ్చినట్టే. పాలకొల్లు పక్కన పుట్టి ఇలా గీస్తే ఎలాగండీ.

రంగులూ అంతే. ఎర్ర కోడి కింద ‘నెమలి’ అని రాశారు. ఎర్రటిది డేగ. నల్లటిది కాకి. తెల్లటిది సేతువ. మెడ మీద నలుపు తెలుపు ఈకలు సమానంగా ఉంటే పర్ల. రెక్కల మీద పసుపు ఈకలుంటే నెమలి. కుక్కుట శాస్త్రం దగ్గర పెట్టుకుని, ఏ రోజు ఏ ఘడియలో ఏ రంగు గెలుస్తుందో చూసి మరీ కాసే జనం ఉన్నారు మా దగ్గర. వాళ్ళు మీ గేమ్ ఆడితే నవ్వుతారు గానీ మీ జోకులకి కాదు.

ఇంకొకటి. కత్తి తలకిందులుగా కట్టారు.

కోడికూత | జనవరి 6, మధ్యాహ్నం 1:20

గిరి గారూ, డెల్టా అన్నమాట ప్రతి వీడియోలోనూ విన్నాను, ఎందుకో ఇవాళ అర్థమైంది. గొబ్బెమ్మ పొరపాటే. ఇటుకకి పెట్టిన ఫిజిక్స్ దానికి కాపీ అయింది. ఉంచేస్తాను.

బుల్లోడు గారూ, దొరికిపోయాను. మా నాన్న నన్ను బరి దగ్గరికి వెళ్ళనిచ్చేవారు కాదు. నేను చూసిన పందేలన్నీ పెద్దవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి చూసినవే. దుమ్ము, పంచెలు, మధ్యలో ఎగిరే ఈకలు. తురాయి సంగతి ఎక్కడ కనిపిస్తుంది చెప్పండి. రంగుల పేర్లు ఈ రాత్రికే మారుస్తాను.

సైలెంట్ సుబ్బు | జనవరి 6, సాయంత్రం 6:02

ఫోన్లో మెనూలో ‘కత్‌తి’, ‘అల్‌లుడు’ అని వస్తోంది. వత్తులు పక్కకొచ్చి కూర్చున్నాయి. డైలాగులు మాత్రం బాగున్నాయి. ఎందుకలా?

కోడికూత | జనవరి 6, రాత్రి 10:15

సుబ్బు గారూ, అది నా సిగ్గుమాలిన రహస్యం. నేను వాడింది గోదాట్ 3.5. దానికి తెలుగు వత్తులు కూర్చడం రాదు, అక్షరాలని వరసగా పేర్చి ఊరుకుంటుంది. అందుకని డైలాగులన్నీ విడిగా టైపు చేసి, తెనాలి రామకృష్ణ ఫాంటులో పెట్టి, ఒక్కోదాన్నీ బొమ్మగా సేవ్ చేసి గేములో అతికించాను. 212 బొమ్మలు. ఒక అచ్చుతప్పు దిద్దాలంటే ఒక బొమ్మ మళ్ళీ చేయాలి. మెనూ దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోయింది.

గోదాట్ గిరి | జనవరి 6, రాత్రి 10:40

212!

అన్నా, 2023 మార్చిలో వచ్చిన గోదాట్ 4 తెలుగుని శుభ్రంగా కూరుస్తుంది. లోపల అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ ఉంది. మొదట్లో బ్రౌజర్ గేములకి 4తో ఇబ్బంది ఉండేది, థ్రెడ్ల (ఒకేసారి నడిచే పనుల) గొడవ వల్ల చాలా చోట్ల తెరుచుకునేది కాదు. 2024 ఆగస్టులో 4.3 వచ్చాక థ్రెడ్లు లేకుండానే వెబ్‌కి ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. కాబట్టి ఆ వంక ఇక చెల్లదు. మార్చడానికి రెండు వారాలు పడుతుంది, ఈ పండక్కి వద్దు. వచ్చే పండక్కి చూడండి.

లక్ష్మీ టీచర్ | జనవరి 7, ఉదయం 6:25

నాకు గేములు ఆడటం రాదు నాయనా. మా మనవడు ఆడుతుంటే పక్కన కూర్చుని డైలాగులు చదివాను. ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పినదాన్ని కాబట్టి ఆ భాగం గురించే రాస్తాను.

బాదంపప్పు సీను చాలా బాగుంది. యజమాని నానబెట్టిన బాదంపప్పు ఒక్కొక్కటే తొక్క తీసి కోడి నోట్లో పెడుతుంటాడు. పక్కనే నిక్కరు వేసుకున్న కొడుకు నిలబడి “నాన్నా, నాకొకటి” అంటాడు. “నువ్వేమన్నా బరిలో దిగుతావా?” అంటాడు తండ్రి. అప్పుడు కోడి మనసులో, “ఈ ఇంట్లో మనిషిలా చూసేది నన్నొక్కదాన్నే” అనుకుంటుంది. మా మనవడు నవ్వాడు. నేను నవ్వలేదు గానీ మెచ్చుకున్నాను. మా ఊళ్ళో ఇలాంటి ఇల్లు ఒకటి ఉండేది.

ఆ తర్వాత మాత్రం ఆట పల్చబడింది. బామ్మ గారికి ఆరు తిట్లు ఇచ్చారు. ఆ ఆరే తిరిగి తిరిగి వస్తున్నాయి, నాలుగోసారికి అలవాటైపోయాయి. తిట్టుకి ఒక సందర్భం ఉండాలి. ఊరికే నోరు పారేసుకునే ముసలమ్మ నవ్వు తెప్పించదు. ‘నీ నోట్లో మన్నుపడ’ అని కోడిని తిట్టి, ఆ వెంటనే దానికి దిష్టి తీస్తే చూడండి, అప్పుడు నవ్వొస్తుంది.

యజమాని భార్య పుస్తెలతాడు తాకట్టుకి వెళ్తుంది. ఆవిడ గేములో మూడుసార్లు కనిపించింది. ఒక్క మాట లేదు. ఆవిడకి బొమ్మ గీయడానికి ఓపిక ఉన్నవాడికి ఒక మాట రాయడానికి లేకపోయిందా?

భీమారం బుల్లోడు | జనవరి 7, ఉదయం 7:50

టీచర్ గారి మాటే మాటండి. ఇంకోటి, మా వైపు బామ్మ అనరు. మామ్మ. ‘బామ్మ’ అంటే ఆ ఇల్లు గోదావరి దాటి ఎక్కడికో వెళ్ళిపోయింది.

సైలెంట్ సుబ్బు | జనవరి 7, రాత్రి 9:14

గుండాటలో ఎనభై వేలు గెలిచాను. గేములోనే లెండి. ప్రతిసారీ మొదట ఇస్పేటు, తర్వాత డైమను, మూడోది జెండా వస్తోంది. పేజీ రిఫ్రెష్ చేసినా అదే వరస. మూడో ఆటకి ఉన్నదంతా జెండా మీద పెడితే చాలు.

గోదాట్ గిరి | జనవరి 7, రాత్రి 9:31

హహ. 3లో రాండమైజ్ అని ఒక లైను రాయకపోతే అదృష్టం ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. 4లో అదే చూసుకుంటుంది. అయినా గుండాట బోర్డు ముందే ఎవరికో తెలిసిన వరసలో తిరగడం బగ్ అంటారా? నాకైతే డాక్యుమెంటరీలా ఉంది.

డాలస్ దశరథం | జనవరి 8, తెల్లవారుజామున 4:47

పండగ గేములో చేదు హాస్యం అనగానే పాత సంగతి గుర్తొచ్చింది. కాస్త పెద్ద పోస్టు, ఓపిక లేనివాళ్ళు దాటేయండి.

1999 డిసెంబరు. మేము వైటూకే బ్యాచి, అంటే 2000 రాగానే కంప్యూటర్లు సంవత్సరాన్ని తప్పుగా చదువుతాయన్న భయంతో పిలిపించినవాళ్ళం. హైదరాబాద్ నుంచి వచ్చి ఐదుగురం ఒక అపార్ట్‌మెంటులో, రాత్రిళ్ళు క్లయింటు ఆఫీసులో కోబాల్ అనే పాత భాషలో రాసిన ప్రోగ్రాములలో రెండంకెల సంవత్సరాలని నాలుగంకెలు చేసే పని. అప్పుడొక గేమ్ ఈమెయిల్ అటాచ్‌మెంటుగా తిరిగేది. ఎల్ఫ్ బౌలింగ్. 1998లో ఒక చిన్న కంపెనీ ఉచితంగా వదిలింది. క్రిస్మస్ తాత దగ్గర బొమ్మలు చేసే మరుగుజ్జు పనివాళ్ళు సమ్మెకి దిగుతారు. తాత వాళ్ళని వరసగా నిలబెట్టి బౌలింగ్ బంతితో పడగొడతాడు. వాళ్ళు పడకపోతే వెక్కిరిస్తారు, వెనక్కి తిరిగి లాగు కిందికి దించి చూపిస్తారు. అంతే గేమ్. బొమ్మలు నాసిరకం, బంతి వేయడం తప్ప చేసేదేమీ లేదు. ఆఫీసులన్నీ ఊగిపోయాయి.

ఆ నెలలోనే ఇంకో మెయిల్ వచ్చింది. ఆ గేములో వైరస్ ఉంది, క్రిస్మస్ రోజున హార్డ్ డిస్కు తుడిచిపెట్టుకుపోతుంది అని. శుద్ధ అబద్ధం. కానీ డిసెంబరు 31 కోసం గుండెలు చేత్తో పట్టుకుని కూర్చున్న మాకు అది చాలు. మా టీములో ఒకాయన తన కంప్యూటర్ ప్లగ్గు పీకేసి ఇంటికెళ్ళాడు.

ఎందుకు చెబుతున్నానంటే, ఆ రాత్రి మేము పగలబడి నవ్వుతుంటే మా సీనియర్ ఒకాయన “సమ్మె చేస్తే బంతితో కొట్టే ఓనరుని చూసి మీరెందుకు నవ్వుతున్నార్రా, మీరు ఎటు నిలబడ్డారు?” అన్నాడు. మేము వీసా మీద వచ్చినవాళ్ళం, ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చుంటే జీతం లేదు. ఆ ప్రశ్నకి అప్పుడెవరూ జవాబు చెప్పలేదు. ఆట మాత్రం ఆపలేదు.

మీ గేములో మొదటి పదిహేను నిమిషాలూ కోడి వైపు నిలబడి నవ్విస్తారు. పందేలు మొదలయ్యాక కోడి కిందపడితే ఈలలు, చప్పట్లు, ‘కోజ రెడీ’ అని బోర్డు. అక్కడ మీరు జనంలో కలిసిపోయారు. నాకు నవ్వు ఆగిపోయింది అక్కడే.

ఇంకోటి, ఎల్ఫ్ బౌలింగ్‌లో పది ఫ్రేములు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఒక్క జోకుకి అంతే ఆయుష్షు. 2005లో దాన్ని నింటెండో డీఎస్‌కి డబ్బులు పెట్టి కొనే గేముగా తెస్తే విమర్శకులు చీల్చి చెండాడారు. మీది యాభై నిమిషాలు. సగం కోయండి.

సైలెంట్ సుబ్బు | జనవరి 8, ఉదయం 7:05

కోజ అంటే?

భీమారం బుల్లోడు | జనవరి 8, ఉదయం 7:20

పందెంలో ఓడి చచ్చిన కోడి. బాదం, జీడిపప్పు, మటన్ కీమా, ఉడికించిన గుడ్లు తినిపించి పెంచిన కోడి కదా, ఆ మాంసానికి గిరాకీ వేరు. కొందరు కోస అని కూడా అంటారు. పంపమని హైదరాబాద్ నుంచి ఫోన్లు వస్తాయి.

అర్చన | జనవరి 8, మధ్యాహ్నం 12:10

ఒక మాట చెప్పి వెళ్తాను. జంతువుల మీద క్రూరత్వాన్ని నిరోధించే చట్టం 1960 నాటిది, జూదాన్ని నిషేధించే గేమింగ్ చట్టం 1974 నాటిది, కోడిపందేలు ఆపాలని 2016 డిసెంబరులో హైకోర్టు కూడా చెప్పింది. అయినా ఏటా బరులకి టెంట్లు, ఫ్లడ్‌లైట్లు పెరుగుతూనే ఉన్నాయి. దీన్ని ‘సరదా’గా చూపించడం అవసరమా?

భీమారం బుల్లోడు | జనవరి 8, మధ్యాహ్నం 12:18

మొదలెట్టారండీ. పల్నాటి కాలం నుంచీ ఉన్నదాన్ని

భీమారం బుల్లోడు | జనవరి 8, మధ్యాహ్నం 12:31

[ఈ పోస్టును మోడరేటర్ తొలగించారు]

మోడరేటర్ | జనవరి 8, మధ్యాహ్నం 12:45

పందేలు ఉండాలా వద్దా అన్నదానికి వేరే చర్చ ఉంది, 61 పేజీలు. ఇక్కడ గేమ్ గురించే మాట్లాడండి. బుల్లోడు గారూ, ఇది రెండో హెచ్చరిక.

కోడికూత | జనవరి 8, రాత్రి 11:30

దశరథం గారి పోస్టు మూడుసార్లు చదివాను. అర్చన గారూ, మీ కోపానికి అర్థం ఉంది. నేను గేమ్ మొదలుపెట్టింది కోడి వైపు నుంచి చూద్దామనే. మధ్యలో ఈలల సౌండు ఉచితంగా దొరికింది, పెట్టేశాను. బాగుందనిపించింది. అంతకు మించి ఆలోచించలేదు, నిజం. ఈలలు తీసేస్తున్నాను. బరిలో ఇక జనం గొంతులేవీ వినపడవు, కోడికి వినిపించే రెక్కల చప్పుడు, దాని ఊపిరి, అంతే. ‘కోజ రెడీ’ బోర్డు ఉంటుంది గానీ కోడికి చదవడం రాదు కాబట్టి అక్షరాల బదులు గీతలు ఉంటాయి.

గోదాట్ గిరి | జనవరి 8, రాత్రి 11:52

గీతలు చాలంటే వత్తుల సమస్య కూడా తీరినట్టే!

సైలెంట్ సుబ్బు | జనవరి 9, ఉదయం 8:40

గెలిచేశాను! మిగతా పందేలేవీ ఆడకుండా.

సంక్రాంతి రోజు రెండో పందేనికి ముందు పోలీసు జీపు వస్తుంది కదా. అందరూ పరిగెత్తుతారు. మనమూ పరిగెత్తాలి అనుకుంటాం. పరిగెత్తకుండా బరి మధ్యలో నిలబడితే కానిస్టేబుల్ మనల్ని సంచీలో వేసుకుని స్టేషన్‌కి తీసుకెళ్తాడు. లాకప్‌లో ఒక మూల, గింజలు వేస్తారు. అక్కడ ఏ బటనూ పనిచేయదు. నేను టీ పెట్టుకుని వచ్చేసరికి సంక్రాంతి అయిపోయి, కనుమ అయిపోయి, ‘బతికావు’ అని వచ్చేసింది.

కోడికూత | జనవరి 9, ఉదయం 9:05

అయ్యో. అక్కడ ‘ఆట ముగిసింది’ అని రావాలి. గడియారం ఆపడం మర్చిపోయాను. ఈ రాత్రికి సరిచేస్తాను.

డాలస్ దశరథం | జనవరి 9, ఉదయం 9:30

ఖబర్దార్! దాన్ని ముట్టుకోవద్దు. రాష్ట్రం మొత్తంలో పండగ మూడు రోజులూ కోడికి భద్రమైన చోటు లాకప్పే అన్నది మీ గేములో అన్నిటికంటే మంచి జోకు. మీరు రాయలేదు, అదే వచ్చింది.

జగిత్యాల పోరడు | జనవరి 9, రాత్రి 8:15

అన్నా, ఒక మాట. కోపం తెచ్చుకోకు.

నీ గేములో రెండో ముగింపు చూసిన. కోడి కాలికున్న కత్తి తగిలి యజమాని పడిపోతడు, డప్పుల మ్యూజిక్, ‘కోడి గెలిచింది’ అని వస్తది. ఇది మా జిల్లాల నిజంగ జరిగింది. 2021 ఫిబ్రవరిల. కోడికి కట్టిన కత్తి తగిలి మనిషి చచ్చిపోయిండు. ఆ కోడిని కొన్ని రోజులు పోలీస్ స్టేషన్ల ఉంచిన్రు, తర్వాత కోళ్ళ ఫారానికి పంపిన్రు. ‘కోడి అరెస్ట్’ అని దేశమంతా నవ్వింది. అరెస్ట్ కాదు, కాపాడటానికే ఉంచినం అని పోలీసోళ్ళు చెప్పుకోవాల్సి వచ్చింది.

నేను కూడా మీమ్స్ ఫార్వర్డ్ చేసిన, అబద్ధమెందుకు. తర్వాత ఆ ఊరి దిక్కు చుట్టాల ఇంట్ల పెళ్ళికి పోయినప్పుడు ఎవలో ఆ ఇల్లు చూపెట్టిన్రు. మామూలు ఇల్లు, ముంగట గేదె. నవ్వు పోయింది. లాకప్ ముచ్చట ఉంచుకో, మంచిగుంది. ఆ డప్పులు మాత్రం తీసెయ్.

డాలస్ దశరథం | జనవరి 9, రాత్రి 9:40

నేను కాస్త విభేదిస్తాను. కోడి చేతిలో దాని యజమాని పోవడం అన్నది ఈ కథకి సహజమైన ముగింపు. చేదు హాస్యం అన్నాక ఎవరో ఒకరికి తగులుతుంది. ఎక్కడో ఒక ఊళ్ళో జరిగిందని ప్రతిదీ తీసేస్తూ పోతే మిగిలేది హరిదాసు ఒక్కడే.

జగిత్యాల పోరడు | జనవరి 9, రాత్రి 9:58

ముగింపు తీసెయ్ అనలే సార్. డప్పులు తీసెయ్ అన్న.

డాలస్ దశరథం | జనవరి 9, రాత్రి 10:20

సరే. ఒప్పుకున్నాను.

లక్ష్మీ టీచర్ | జనవరి 10, ఉదయం 6:10

నాకు ఈ గొడవలో ఒక చిన్న సందేహం మిగిలిపోయింది. కనుమ దాకా బతికితే కోడి గెలిచినట్టా?

మా తెనాలి వైపు చాలా ఇళ్ళలో కనుమ నాడు మినుము. అంటే గారెలు. నీసు వండేది మర్నాడు, ముక్కనుమకి. కొన్ని ఇళ్ళలో కనుమకే వండుతారు, కాదనను. కానీ మీ గేములో ఆ ఇల్లు ఏ పద్ధతి పాటిస్తుందో కోడికి ఎలా తెలుస్తుంది? కనుమ దాటింది, హమ్మయ్య అనుకున్న కోడికి ఇంకో రోజు ఉందని ఎవరు చెబుతారు?

గోదాట్ గిరి | జనవరి 10, ఉదయం 8:02

టీచర్ గారూ, మీకు గేములు రావన్నారు!

కోడికూత | జనవరి 10, ఉదయం 8:30

ఆఫీసు బస్సులో ఉన్నాను. స్టాపు దాటిపోయింది ఇది చదువుతూ. రాత్రికి రాస్తాను.

కోడికూత | జనవరి 12, రాత్రి 2:35

కొత్త వెర్షన్ పెట్టాను. రేపు మధ్యాహ్నం ఊరికి బస్సు, టికెట్టు మామూలు రేటుకి మూడింతలు పెట్టి కొన్నాను కాబట్టి ఇక పండగ అయ్యేదాకా మార్పులు ఉండవు.

హరిదాసు అందరి దగ్గరా నడుస్తాడు. ముగ్గు నేల మీదికి దిగింది. బామ్మ మామ్మ అయింది, తిట్టిన ప్రతిసారీ దిష్టి తీస్తుంది. కోడికి తురాయి కోసేసి మెడ పెంచాను, రంగుల పేర్లు మార్చాను. గుండాట వరస అలాగే ఉంచాను, కాకపోతే ఆ జెండా మీద మనకంటే ముందే ఒకాయన డబ్బు పెట్టేసి ఉంటాడు. పందేలు ఐదు నుంచి రెండు చేశాను. మొత్తం ఆట ఇప్పుడు పంతొమ్మిది నిమిషాలు. మెనూలో వత్తులు ఇంకా పక్కనే కూర్చున్నాయి, క్షమించాలి.

డప్పులు తీసేశాను. యజమానికి కత్తి తగిలే ముగింపు ఉంది గానీ, కోడికి ఏం జరిగిందో అర్థం కాదు. బాదంపప్పు కోసం ఆయన చెయ్యి దగ్గరికి వెళ్ళి నిలబడుతుంది. చేతిలో ఏమీ ఉండదు. అక్కడ తెర ఆగిపోతుంది.

లాకప్ ముగింపు పెద్దది చేశాను. కోడి మూల కూర్చుని ఉంటుంది, బయట గాలిపటాలు, గంగిరెద్దు సన్నాయి, గారెల వాసనకి ఒక గీత. మన చేతిలో ఏ బటనూ ఉండదు, సుబ్బు గారు చూసినట్టే. కనుమ రాత్రి ‘బతికావు’ అని వస్తుంది. అది పోయాక కానిస్టేబుల్ తాళం తీస్తూ ఎవరితోనో, “రేపు ముక్కనుమ కదా, పొద్దున్నే వేలం పెట్టేద్దాం” అంటాడు. పట్టుబడ్డ కోళ్ళని వేలం వేయడం పేపర్లో చదివిందే, నేను కల్పించింది కాదు.

వేలంలో యజమాని ఉంటాడు, అల్లుడు ఉంటాడు, చేతిసంచితో బిర్యానీ హోటలాయన ఉంటాడు. ఒకరి మీద ఒకరు పాడతారు. అందరూ ఆగిపోయాక వెనక నుంచి ఒక ఆడగొంతు, “ఐదొందల యాభై” అంటుంది. గేము మొత్తంలో యజమాని భార్యకి ఉన్నది ఆ ఒక్క మాటే. గొంతు మా అమ్మది. ఫోన్లో పలికించి రికార్డు చేశాను. ఎందుకురా అని అడిగింది, చెప్పలేదు. ఆవిడ కోడిని ఇంటికి తీసుకెళ్ళి ఏం చేసిందో గేములో లేదు.

లక్ష్మీ టీచర్ | జనవరి 12, ఉదయం 6:40

చూశాను. మనవడు ఇంకా లేవలేదు, నేనే మౌస్ పట్టుకుని ఆడాను. మొదటిసారి భోగిమంటలో పడి చచ్చాను.

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు నాయనా. గొంతులో కోపం సరిగ్గా సరిపోయింది.

జగిత్యాల పోరడు | జనవరి 12, ఉదయం 9:12

మంచిగ చేసినవన్నా. పండుగ శుభాకాంక్షలు.

భీమారం బుల్లోడు | జనవరి 12, ఉదయం 10:03

ఆడానండీ. మొన్న కోపంలో ఏదో రాశాను, మోడరేటర్ గారు తీసేశారు, మంచిదే అయింది. లాకప్ సీను మా బావగారికి కూడా చూపించాను. ఆయన రెండేళ్ళ కింద స్టేషన్ చూసొచ్చినవాడు, గింజలు వేసే కానిస్టేబుల్ని చూసి అచ్చం అలాగే అన్నాడు.

అయితే రెండు మాటలు. పందెంలో దింపే పుంజు ఐదొందల యాభైకి ఎక్కడా రాదండీ, వేలమే అయినా సరే. వేలల్లో రాయండి. రెండోది, కత్తి ఇంకా తలకిందులుగానే ఉంది.